గీయని రెండో గీత

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న, ఏ కోర్సు చదవాలి అని. రెండోది, సొంతంగా షాపు పెట్టుకోవచ్చా అని. ఎంత భయపడాలి అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడగని ప్రశ్నలకు జవాబులు చెప్పడం రిటైరైనవాళ్ల జబ్బు. ఆ జబ్బు నాకూ ఉంది కాబట్టి రాస్తున్నాను.

నా పేరు మాబాషా. కర్నూలులో ఆసుపత్రి మిషన్లు బాగుచేసే ఒక చిన్న షాపులో ముప్పై రెండేళ్లు పనిచేశాను. ఈసీజీ మిషన్లు, బీపీ మానిటర్లు, నెలలు నిండని బిడ్డలను వెచ్చగా ఉంచే పెట్టెలు, అన్నీ నా చేతుల మీదుగా పోయాయి. ఇటు ఆలూరు నుంచి అటు కడప దాకా నేను స్క్రూ విప్పని నర్సింగ్ హోమ్ లేదని గొప్పలు చెప్పుకునేవాడిని. మా షాపులో పదవులు లేవు. ఒక యజమాని, ఒక నేను. కాబట్టి ఎప్పుడు ఏ పదవి వచ్చిందో రాసి మిమ్మల్ని విసిగించే ప్రమాదం లేదు.

నేను రాయదలచుకున్నది ఒకే ఒక్క తప్పు గురించి. దాని వల్ల ఒక మనిషి చనిపోయి ఉండవచ్చు. ఉండకపోవచ్చు కూడా. ఈ రెండు మాటల మధ్య బతకడం ఎలా ఉంటుందో మీకు ముందే తెలిస్తే మంచిది.

జల్లెడ

ఫిల్టర్ అంటే జల్లెడ అనుకోండి. మన ఒంట్లోంచి వచ్చే కరెంటులో మెల్లగా ఊగేవీ వేగంగా ఊగేవీ కలగాపులగంగా ఉంటాయి. సెకనుకు ఒకసారి ఊగేదాన్ని ఒక హెర్ట్జ్ అంటాం. గుండె నిమిషానికి డెబ్బై చిల్లర సార్లు కొట్టుకుంటుంది, అంటే ఒక హెర్ట్జ్‌కు కాస్త పైన. గోడలో కరెంటు యాభై హెర్ట్జ్. అది ఈసీజీలోకి దూరితే గీత రంపపు పళ్లలా వస్తుంది. ఊపిరి తీసినప్పుడల్లా గీత మెల్లగా పైకీ కిందికీ తేలుతుంది. అది ఒక హెర్ట్జ్‌కు బాగా దిగువన జరిగే వ్యవహారం. కావలసింది వదిలి, అక్కర్లేనిది ఆపడమే ఫిల్టర్ పని.

అది సరిగ్గా ఆపుతోందో లేదో కళ్లతో చూడాలంటే గీత గీయాలి. మా కాలంలో గ్రాఫ్ కాగితం మీద గీసేవాళ్లం, తర్వాత కంప్యూటర్‌లో స్ప్రెడ్‌షీట్ వచ్చింది. మొదటి నిలువు వరుసలో హెర్ట్జ్‌లు రాస్తాం. రెండో వరుసలో మిషన్ లోపలికి ఎంత పంపామో, మూడో వరుసలో బయటికి ఎంత వచ్చిందో రాస్తాం. నాలుగో వరుసలో ఆ రెండింటి నిష్పత్తిని డెసిబెల్స్‌లోకి మార్చే ఫార్ములా. ఆ వరుసను పట్టుకుని గ్రాఫ్ వేస్తే, ఎక్కడ గీత నేలలా పరుచుకుని ఉందో అక్కడ అన్నీ వదులుతున్నట్టు, ఎక్కడ పడిపోయిందో అక్కడ ఆపుతున్నట్టు.

నేను వేసిన మొదటి గ్రాఫ్ చూసి మా యజమాని సుబ్బారెడ్డి సార్ పడీపడీ నవ్వారు. గ్రాఫ్ రకం ఎంచుకునేచోట తప్పుది నొక్కాను. దాంతో ఒకటి, రెండు, ఐదు, పది, వంద అన్నీ సమాన దూరంలో వచ్చి కూర్చున్నాయి. పైగా అందంగా ఉంటుందని గీతను నునుపు చేసే గుర్తు కూడా నొక్కాను.

"ఏమప్పా బాషా, నువ్వు కొలిచింది ఎన్ని తావుల?" అని అడిగారు.

"తొమ్మిది సార్."

"మరి ఈ తొమ్మిదింటి నడుమ గీత ఇంత వయ్యారంగా యాడికి పోతాండాది? నువ్వు కొలవని తావున అది ఏం జేస్తాందో నీకెట్ల తెల్సు?"

ఇప్పటికీ చెబుతున్నాను, ఆ నునుపు గుర్తు ముట్టుకోవద్దు. మీరు కొలవని చోట కంప్యూటర్ సొంతంగా ఊహించి గీస్తుంది, మీరేమో అది మీ కొలతే అనుకుంటారు. పైన పటారం, లోన లొటారం.

సార్ పెట్టిన నియమం

సుబ్బారెడ్డి సార్‌ది కడప. మాట కరుకు, చెయ్యి మెత్తన. మిషన్ తిరిగి ఇచ్చేముందు రెండు గీతలు గీయాలన్నది ఆయన నియమం. మొదటిది నేను పైన చెప్పిన గీత, ఎంత వదిలిందన్నది. రెండోది కోణం గీత. ఫిల్టర్ గుండా వెళ్లిన ప్రతి అల కాస్త ముందుకో వెనక్కో జరుగుతుంది. ఒక్కో వేగం ఒక్కో మేరకు జరిగితే, అన్నీ సక్రమంగా బయటికి వచ్చినా కలిసి కట్టే రూపం మారిపోతుంది. పెళ్లి ఊరేగింపులో మనుషులంతా ఉన్నారు కానీ మేళగాళ్లు వెనకబడి, పెళ్లికొడుకు ముందే ఇల్లు చేరినట్టు.

"మొదటి గీత ఎంత మంది వచ్చినారో చెప్తాది. రెండోది ఎప్పుడొచ్చినారో చెప్తాది. రెండూ లేకుంటే మిషన్ షాపు గడప దాటగూడదు," అనేవారు.

రెండో గీత గీయడం విసుగు పని. ఒకే తెర మీద రెండు అలలు చూపించే ఆసిలోస్కోప్ కావాలి. ప్రతి చోటా రెండు అలల మధ్య ఎడం కొలవాలి. పూట గడిచిపోతుంది. సార్ షాపులో ఉన్నన్నాళ్లు నోరు మూసుకుని గీశాను. ఆయన మోకాళ్ల నొప్పులతో కడపకు వెళ్లిపోయి షాపు నాకు అప్పజెప్పాక, సులువైన మిషన్లకు రెండో గీత మానేశాను. స్ప్రెడ్‌షీట్‌లో 'కోణం' అన్న పేరుతో వరుస మాత్రం ఉండేది. కింద గడులన్నీ ఖాళీ.

ఆలూరు మిషన్

ఆలూరులో భారతి డాక్టరమ్మ అని ఒకరు చిన్న నర్సింగ్ హోమ్ నడిపేవారు. మంచి డాక్టరు. చుట్టుపక్కల ముప్పై ఊళ్లకు గుండెనొప్పి అంటే ఆమే దిక్కు. ఆమె దగ్గర పాత ఈసీజీ మిషన్ ఒకటి ఉండేది, ఒంటి గీత మిషన్. ఆ ఎండాకాలం ఆమె నుంచి వారానికో ఫోన్.

"బాషా, మీ మిషన్ ఏంటికిట్ల తూలుతాండాది? గీత కాగితం పైకి పోతాది, కిందికి పోతాది. ఒక్కటీ చదవనీకి రాదు."

వెళ్లి చూశాను. మిషన్ తప్పేమీ లేదు. చేలో నుంచి నేరుగా వచ్చిన మనుషులు, ఒంటి మీద ఎర్రదుమ్ము, బీటలు వారిన చర్మం. దాని మీద ఎండిపోయిన జెల్లు రాసి వైర్లు అంటిస్తే గీత తూలక ఏం చేస్తుంది? తడి దూదితో గట్టిగా తుడిచి, మనిషిని రెండు నిమిషాలు ఊరికే పడుకోబెడితే సగం జబ్బు కుదురుతుంది. ఆ మాటే చెప్పాను.

"రోజుకు ఎనభై మంది వస్తాండారు. ఒక్కొక్కరినీ తుడ్సుకుంటా కూర్సుంటే సాయంత్రానికి బయట పడిగాపులు గాసేటోళ్లు నన్ను కొడ్తారు," అన్నారామె. "మిషన్‌లోనే ఏమన్నా జేయి."

ఇక్కడ నేను కుదరదని చెప్పి ఉండాల్సింది. మీరు ఎవరి పేరు గుర్తుపెట్టుకోకపోయినా ఈ మాట గుర్తుపెట్టుకోండి. మనిషి చేయాల్సిన పనిని మిషన్ చేత చేయించమని అడిగినప్పుడు, ఆ మిషన్ ఇంకెక్కడో ఏదో వదిలేస్తుంది. నేను మాత్రం చిటికెలో పరిష్కారం చూపించే మొనగాడిని కదా. మిషన్‌ను కర్నూలుకు తెచ్చి, నెమ్మదిగా ఊగే అలలను ఆపే చోట ఉన్న కెపాసిటర్ తీసేసి, దాంట్లో పదో వంతు ఉన్నది వేశాను. అంతకుముందు సున్నా పాయింటు సున్నా ఐదు హెర్ట్జ్ దగ్గర కోసేది ఇప్పుడు అర హెర్ట్జ్ దగ్గర కోస్తుంది. ఊపిరి ఊగులాట మాయం.

మా షాపులో అల పుట్టించే పరికరం ఒక హెర్ట్జ్ కంటే కిందికి దిగదు. సరే, గుండె కొట్టుకునేదే ఒకటికి పైన కదా, కింద నాకేం పని అనుకున్నాను. ఒకటి నుంచి వంద దాకా కొలిచి, గ్రాఫ్ వేశాను. ఒకటి దగ్గర ఒక్క డెసిబెల్ తగ్గింది. గ్రాఫ్ నిలువు కొలత సున్నా నుంచి మైనస్ అరవై దాకా పెట్టాను కాబట్టి ఆ ఒక్కటి కంటికి కూడా ఆనలేదు. గీత నీళ్లు కట్టిన మడిలా సమంగా ఉంది. ఆసిలోస్కోప్ ఆ వారం పాడై పడి ఉంది. కోణం వరుస ఖాళీగా వదిలేశాను.

ఆ సాయంత్రం సుబ్బారెడ్డి సార్ మామూలుగా కడప నుంచి ఫోన్ చేశారు. ఏం పని చేస్తున్నావంటే చెప్పాను.

"రెండో గీత గీసినావా?" అని అడిగారు.

"గీసినా సార్," అన్నాను.

ఎందుకు అబద్ధమాడానో అప్పుడు తెలియలేదు. తిడతారని భయం కాదు. ఆ ప్రశ్న అడిగిన తీరు పంతులు పిల్లాడిని అడిగినట్టు ఉందని ఒళ్లు మండింది, అంతే.

భారతి డాక్టరమ్మ మిషన్ చూసి మురిసిపోయారు. ఆమె చెప్పగా విని ఇంకో రెండు చోట్ల నుంచి అదే మార్పు చేయమన్నారు. చేద్దాం చేద్దాం అంటూ వాయిదా వేశాను. నా జీవితంలో బద్ధకం చేసిన మేలు అదొక్కటే.

ఖాళీ వరుస

పదకొండు నెలలు గడిచాయి. నాకు కంటి చూపు తగ్గింది, చెయ్యి కాస్త వణుకుతోంది. ఇక చాలనుకుని షాపు వేరేవాళ్లకు అప్పజెప్పే పనిలో పడ్డాను. పాత స్ప్రెడ్‌షీట్లు తెరిచి ఒక్కొక్కటే సర్దుతున్నాను. నా తర్వాత వచ్చేవాడు ఖాళీ గడులు చూసి నవ్వకూడదని, ఎక్కడెక్కడ కోణం వరుస ఖాళీగా ఉందో అక్కడ లెక్క కట్టి నింపుదామనుకున్నాను. కెపాసిటర్ విలువ తెలిస్తే కొలవనక్కర్లేదు, ఫార్ములా చాలు. అంత సులువని పదకొండు నెలల కిందట తోచలేదు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

ఆలూరు మిషన్ షీటులో ఫార్ములా రాసి కిందికి లాగాను. గుండె కొట్టుకునే వేగం దగ్గర ఇరవై రెండు డిగ్రీలు చూపించింది. తప్పు రాసి ఉంటానని మళ్లీ రాశాను. మళ్లీ ఇరవై రెండే. ఐదు హెర్ట్జ్ దగ్గర కూడా ఇంకా ఆరు డిగ్రీల దాకా ఉంది. ఒక హెర్ట్జ్ కింద గుండెకు సంబంధించినది ఏమీ లేదన్న నా వాదన తప్పు కాదు. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది. కోత కిందనే ఉంది, దాని మెలిక మాత్రం పైకి పాకి గుండె మీద కూర్చుంది.

అప్పటికీ అంత గాభరా లేదు. ఒక పని చేశాను. కొత్త షీటు తెరిచి, ఒక వరుసలో గుండె ఒక్కసారి కొట్టుకునే గీతను అంకెలుగా రాశాను. ఈసీజీలో పొడుగాటి ములుకు ఒకటి వస్తుంది, దాని తర్వాత చిన్న గుట్ట వస్తుంది. ఆ రెంటి మధ్య ముక్క మామూలు గుండెలో నేలకు సమంగా ఉంటుంది. రక్తం అందక గుండె కండ చచ్చిపోతున్నప్పుడు ఆ ముక్క పైకి లేస్తుంది. డాక్టర్లు వెతికేది దానికోసమే. నేను కావాలనే ఆ ముక్కను పైకి లేపి రాశాను, జబ్బు గుండె. పక్క వరుసలో నా ఫిల్టర్ ఫార్ములా పెట్టి, రెండూ ఒకే గ్రాఫ్‌లో వేశాను.

ములుకు దాటగానే నా ఫిల్టర్ గీతను కిందికి గుంజింది. లేచిన ముక్క జారి, జారి, నేలకు దాదాపు సమంగా వచ్చి ఆగింది. జబ్బు గుండె లోపలికి పోయి, మంచి గుండెగా బయటికి వచ్చింది.

ఆ క్షణం నా అరచేతులు చల్లబడ్డాయి. ఎండాకాలం పదకొండు గంటలప్పుడు, కర్నూలులో. ఇంతకాలం ఆ మిషన్ కింద పడుకున్న వాళ్లంతా కళ్ల ముందుకు వచ్చారు. వాళ్ల ముఖాలు నాకు తెలియవు కాబట్టి ముఖాలు లేకుండా వచ్చారు.

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తారు.

"మేడం, ఆ ఈసీజీ మిషన్ ఆపేయండి. నొప్పి ఉన్నోళ్లకు అది బాగుందని చెప్పినా నమ్మొద్దు. నేను తప్పు చేసినా."

"పొద్దున ఎనిమిదిన్నరకు ఒకాయనను గ్యాసని చెప్పి పంపిస్తి బాషా," అన్నారు. "ఉరుకుందప్ప. యాభై ఏండ్లు. చెమట్లు పడ్తాన్యాయి. నాకూ అనుమానమే. మిషన్ బాగుండాది కదా అని పంపిస్తి."

ఉల్లి చేను

షాపులో ఇంకో ఈసీజీ మిషన్ ఉంది, నేను వేలు పెట్టనిది. దాన్ని బాడుగ కారులో వేసుకుని బయలుదేరాను. డాక్టరమ్మ తన కాంపౌండర్ రాముడిని బైకు మీద ఉరుకుందప్ప ఊరికి పంపారు.

కోడుమూరు దాటాక రాముడి నుంచి ఫోన్ వచ్చింది. ఉరుకుందప్ప ఇంట్లో లేడు, చేలో ఉన్నాడు. రాముడు చేను దాకా పోయాడు. ఆయన రానంటున్నాడు.

"నువ్వే మాట్లాడు సామీ, నా మాట ఇనేటట్టు లేడు," అని ఫోన్ ఆయన చేతికి ఇచ్చాడు.

"అప్పా, నేను కర్నూలు నుంచి మాబాషాను. మిషన్ రిపేరు చేసేటోన్ని," అన్నాను.

"ఏం మిషన్? మా మోటరు బాగనే ఆడ్తాండాది."

"మోటరు కాదప్పా. పొద్దున నీ ఎదకు వైర్లు పెట్టిన్యారు సూడు, అది."

"అదీ బాగుండాదిలే. ఏం లేదు, గ్యాసు అనె డాక్టరమ్మ. సోడా తాగినా. ఉల్లిగడ్డకు నీళ్లు కడ్తాండా. కరెంటు మూడింటి దాకనే ఉంటాది, మల్ల రేపే."

"నీళ్లు రేపు కట్టుకో. ఇప్పుడు నువ్వు రాముడి బండెక్కల్ల."

"ఎండిపోతే నువ్వొచ్చి కడ్తావా?"

ఇంతవరకు నా తప్పును నేను ఒక డాక్టరుకు చెప్పాను, చదువుకున్న మాటల్లో. ఇప్పుడు ఆ మాటలేవీ పనికిరావు.

"ఉరుకుందప్పా, ఆ మిషన్ నీకు అబద్ధం చెప్పినాది. దానికి అబద్ధం నేర్పినోన్ని నేనే. నీ గుండె బాగుండాదో లేదో దానికి తెల్దు, నాకు తెల్దు, డాక్టరమ్మకు తెల్దు. నీకు దండం పెడ్తా, బండెక్కు."

అవతల కాలువలో నీళ్ల చప్పుడు వినబడుతోంది.

"ఎడమ చెయ్యి ఇంగా గుంజుతాండాది," అన్నాడు మెల్లగా. "చెప్పినా డాక్టరమ్మకు. మిషన్ల ఏం లేదనె. సరే, నాకే ఏదో అనుమానం అనుకుంటి."

నాకు ఏడుపొచ్చింది. తన చెయ్యి చెబుతున్న నిజాన్ని పక్కనపెట్టి, నేను చెడగొట్టిన డబ్బా మాట నమ్మాడు ఆ మనిషి.

తర్వాత గంటన్నర నేను ఎలా గడిపానో చెప్పలేను. దారిలో ప్రతి స్పీడ్ బ్రేకరునూ తిట్టాను. నాకు తెలిసిన దువాలన్నీ చదివాను, తెలియని దేవుళ్లకు కూడా మొక్కుకున్నాను. ఫోన్ మోగితే ఎత్తడానికి భయం, మోగకపోతే ఇంకా భయం.

నేను ఆలూరు చేరేసరికి ఉరుకుందప్ప నర్సింగ్ హోమ్ మంచం మీద పడుకుని ఉన్నాడు. కాళ్లకు ఇంకా బురద. డాక్టరమ్మ నా కోసం ఆగకుండా మందులు మొదలుపెట్టి, అంబులెన్స్‌కు చెప్పేశారు. మంచి పని చేశారు. నేను తెచ్చిన మిషన్ తగిలించాను. అంతకుముందు తడి దూదితో ఆయన ఎదను నేనే తుడిచాను, ఎర్రటి నీళ్లు కారాయి. కాగితం బయటికి వచ్చింది. ములుకు తర్వాత గీత కిందికి దిగలేదు. పైనే నిలబడి ఉంది.

డాక్టరమ్మ పొద్దున చీటీ తెచ్చి పక్కన పెట్టారు. ఒకే మనిషి, ఒకే దినం, రెండు గుండెలు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

అంబులెన్స్‌లో కర్నూలు తీసుకుపోయారు. పూడిన రక్తనాళం తెరిచి స్టెంటు వేశారు. ఉరుకుందప్ప బతికాడు. ఆయన ఉల్లి మాత్రం ఆ విడత నీళ్లు లేక కొంత ఎండిపోయింది.

మిగిలిన చీటీలు

ఇక్కడితో ఆపేస్తే మంచి కథ అవుతుంది, నేను కాపాడిన కథ. అది అబద్ధం.

ఆ సాయంత్రమే ఆలూరు మిషన్‌లో పాత కెపాసిటర్ తిరిగి పెట్టి, ఒక హెర్ట్జ్ కింద కూడా లెక్కగట్టి, రెండు గీతలూ గీశాను. సుబ్బారెడ్డి సార్‌కు ఫోన్ చేసి అబద్ధమాడానని చెప్పాను. తిడతారనుకున్నాను.

"నాకు అప్పుడే తెల్సు బాషా," అన్నారు. "నువ్వు గీసుంటే అంత బిరీన జవాబు చెప్పవు. ఎంత విసుగు పనో తిట్టుకుంటా చెప్తావు. నేను మల్లొకసారి అడగల్సింది. పెద్దోనివైనావు కదా అని గమ్మునుంటి."

డాక్టరమ్మ పదకొండు నెలల చీటీలు బయటికి తీశారు. ఎదనొప్పి అని వచ్చి, ఏమీ లేదని ఇంటికి వెళ్లినవాళ్లు నలభై మందికి పైగా తేలారు. రోజుకు కొందరికి ఆమె ఫోన్ చేసేవారు, కొందరికి నేను. చాలామంది ఎత్తి, "బాగుండాం, ఏం గాలే" అన్నారు. ఒక్కో "బాగుండాం" విన్నప్పుడల్లా కాస్త ఊపిరి ఆడేది. మళ్లీ తర్వాతి నంబరు నొక్కడానికి వేలు వచ్చేది కాదు.

ఒక నంబరుకు ఆడమనిషి ఎత్తింది. తిక్కన్న ఉన్నాడా అని అడిగాను.

"లేడు సారూ. పోయినాడు."

"ఎప్పుడమ్మా?"

"ఉగాది ముందర. ఆస్పత్రికి పోయొచ్చిన మర్సటి దినం పొద్దున. డాక్టరమ్మ ఏం లేదన్యాదని సంతోషంగా వచ్చినాడు. రెండు ముద్దల సంగటి ఎక్కువే తిన్యాడు." తర్వాత, "ఇన్ని దినాలకు గూడ గుర్తుపెట్టుకుని అడిగినారు, శానా మంచోళ్లు సారూ మీరు," అంది.

ఫోన్ పెట్టేశాను. నేనేమీ చెప్పలేదు. మంచోళ్లు అన్న ఆ మాటను అలాగే ఉంచుకుని ఫోన్ పెట్టేశాను. నా వృత్తిలో నేను చేసిన అసలు పిరికిపని అది. కెపాసిటర్ మార్చడం తెలియక చేసింది. ఇది తెలిసి చేసింది.

డాక్టరమ్మ తిక్కన్న చీటీని చాలాసేపు చూశారు. "ఆ లేచిన ముక్క ఉండిందో లేదో దీన్ని చూసి ఎవరూ చెప్పలేరు బాషా. మామూలు మిషన్ అయితే కనిపించేదేమో. కనిపించకపోయేదేమో," అన్నారు. ఆ 'ఏమో'ను నేను ఇప్పటికీ మోస్తున్నాను. ఖాయంగా నా వల్లనే అని తేలి ఉంటే, ఒక శిక్ష పడి ఉంటే, నిద్ర పట్టేదేమో.

రెండు రోజుల తర్వాత డాక్టరమ్మ దగ్గర పనిచేసే నర్సు సరోజమ్మతో కలిసి జాబితాలో ఉన్నవాళ్ల ఊళ్లకు బయలుదేరాను, బాగున్న మిషన్ తీసుకుని. ఫోన్‌లో బాగున్నామన్నవాళ్లకు కూడా మళ్లీ ఒకసారి తీసి, చీటీలు డాక్టరమ్మకు ఇవ్వాలని. తిక్కన్న ఊరు కర్ణాటక సరిహద్దు దగ్గర. ఆ ఇంటికి వెళ్లక్కర్లేదు. సరోజమ్మ కూడా వద్దనే అంది. వెళ్లాను.

తిక్కన్న భార్య పేరు ఉలిగమ్మ. నలభై ఐదేళ్లుంటాయి. వసారాలో చాప వేసి, నీళ్లిచ్చింది. నీళ్లు తాగి చెప్పడం న్యాయం కాదని చెంబు పక్కన పెట్టి, చెప్పాను. మిషన్‌లో సామాను మార్చింది నేనేనని, మార్చాక చూసుకోవాల్సింది చూసుకోలేదని, దాని వల్ల జబ్బు కనిపించకుండా పోయి ఉండవచ్చని. ఏమో అన్న మాట వాడకూడదనుకున్నాను, కానీ నిజం అదే కాబట్టి వాడాల్సి వచ్చింది.

ఆమె అరవలేదు, ఏడవలేదు. నా పక్కనున్న మిషన్‌ను చూస్తూ కూర్చుంది. వీధిలో ఎవరో మేకలను తోలుకుపోతున్నారు.

"ఇదేనా అది?" అంది చివరికి.

"కాదమ్మా. ఇది వేరేది. ఇది బాగుండాది."

"బాగుండాదని ఎట్ల తెల్సు?"

ముప్పై రెండేళ్లలో నన్ను ఆ ప్రశ్న అడిగిన రోగి ఒక్కరూ లేరు. రెండు గీతలు గీశానని చెప్పాను. ఆమెకు ఏం అర్థమైందో తెలియదు.

"అయితే నాకూ ఒకపారి పెట్టి సూడు," అంది. "ఆయన పోయిన కాడ్నించి ఈడ బరువుగా ఉంటాది. ఎవురికీ చెప్పలే. చెప్తే ఏం లేదంటారని."

సరోజమ్మ ఆమెను లోపలికి తీసుకుపోయి తడిగుడ్డతో తుడిచి వైర్లు పెట్టింది. నేను తలుపు ఇవతల, గోడవైపు తిరిగి, మిషన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మీట నొక్కాను. కాగితం మెల్లగా నా చేతిలోకి వచ్చింది. ములుకులు సమంగా ఉన్నాయి. మధ్య ముక్క నేల మీదే ఉంది. వేల చీటీలు చూసిన కన్ను నాది. బాగుంది అని నోటి చివరికి వచ్చింది.

"ఏం సారూ, బాగుండాదా?" అంది ఉలిగమ్మ లోపలి నుంచి.

చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

"నేను చెప్పగూడదమ్మా," అన్నాను. "డాక్టరమ్మ నీ ఎదకు చెవి పెట్టి ఇని చెప్పల్ల. చెప్పులు తొడుక్కో. కారుండాది, పోదాం పా."